మడమ వెనక చరిత్ర

హోమర్ ఇలియడ్‌లో అకిలీస్ మడమ కథ లేదు. తల్లి థెటిస్ పసివాణ్ణి స్టిక్స్ నదిలో ముంచడం, ఆమె పట్టుకున్న మడమ ఒక్కటీ తడవకుండా మిగిలిపోవడం, చివరికి బాణం అక్కడే తగలడం – పిల్లల పుస్తకాల్లో మనం చదివిన ఈ కథంతా తర్వాతి వాళ్ల చేర్పు. నదిలో ముంచిన ముచ్చట మనకు దొరుకుతున్న రచనల్లో మొదట కనిపించేది క్రీ.శ. ఒకటో శతాబ్దపు రోమన్ కవి స్టేషియస్ దగ్గర. ఇలియడ్‌లో అకిలీస్ అందరిలాంటి మనిషే. ఇరవయ్యొకటో సర్గలో చేతికి ఈటె గీసుకుని రక్తం కారుతుంది కూడా. హోమర్ అతన్ని మాటిమాటికీ పిలిచే విశేషణం మాత్రం వేగపాదుడు అని. అంటే మొదట కాళ్లు అతని బలం. బలహీనత అయింది తర్వాతే.

ఆ మడమ వెనక ఉండే తాడుకి అకిలీస్ పేరు తగిలించినవాడు ఫిలిప్ వెర్‌హేయెన్ అనే ఫ్లెమిష్ శరీర శాస్త్రజ్ఞుడు, 1693లో అచ్చయిన అనాటమీ పుస్తకంలో. ఈయన మతగురువు కావాలని చదువుకుంటూ ఉండగా జబ్బు చేసి కాలు తీసేయాల్సి వచ్చింది, దాంతో వైద్యం వైపు మళ్లాడు. తీసేసిన తన కాలినే కోసి చూస్తూ ఆ పేరు పెట్టాడని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. మరీ అందంగా ఉంది, అందుకే నాకు నమ్మబుద్ధి కాదు.

ఈ పేర్ల గొడవలోకి నన్ను లాక్కొచ్చింది సాహిత్యం కాదు, నా ఎడమ కాలు. పలచటి అట్టలాంటి బూట్లకు మారిన ఏడో వారంలో మొదలైంది. పొద్దున్న మంచం దిగి వేసే మొదటి పది పదిహేను అడుగులు ముసలాయనలా వేయాలి. వేళ్లతో నొక్కితే మడమకు నాలుగు వేళ్ల పైన ఒక చోట సలుపు. పరుగు మొదలుపెట్టాక వేడెక్కి మాయమైపోతుంది, మర్నాడు పొద్దున్న మళ్లీ హాజరు. మా రన్నింగ్ గ్రూపులో ఈ నొప్పి తెలియని వాళ్లు తక్కువ. ఆదివారం పొద్దున్న గచ్చిబౌలిలో ఇడ్లీల దగ్గర నిలబడితే వినిపించేవి సగం ఈ కబుర్లే. అందరూ "నరం పట్టేసింది" అంటారు. అది నరం కాదు, టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు. కానీ నొప్పి ఉన్నవాడి నోట్లో నరమే సరైన మాటలా వినిపిస్తుంది.

ఆ తాడు గురించి కాస్త చెప్పుకోవాలి. పిక్కలోని కండరాలు కిందికి దిగేకొద్దీ సన్నబడి, ఒక్కటిగా కలిసి, మడమ ఎముకకు అంటుకుంటాయి. సుమారు 15 సెంటీమీటర్ల పొడవు. ఒంట్లో ఇంతకంటే మందమైన టెండన్ ఇంకోటి లేదు. పరుగెత్తేటప్పుడు మన బరువుకి ఆరేడు రెట్ల లాగుడు దీని మీద పడుతుంది. అయితే ఇది తాడు మాత్రమే కాదు, స్ప్రింగు కూడా. అలెగ్జాండర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త బృందం 1987లో నేచర్ పత్రికలో ఒక లెక్క ఇచ్చింది. 70 కిలోల మనిషి పరుగులో నేల మీద మోపిన ఒక్కో అడుగులోనూ చేతులు మారే శక్తిలో 35 శాతం దాకా ఈ టెండన్ సాగినప్పుడు దాచుకుని, తిరిగి ఇచ్చేస్తుంది. అరికాలి వంపు ఇంకో 17 శాతం. అంటే ప్రతి అడుగుకీ సగం పెట్రోలు వెనక్కి వస్తోందన్నమాట. ఇంత పని చేసే ఈ తాడుకి రక్తం మాత్రం అంతంత మాత్రంగానే అందుతుంది. మడమకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన ఉన్న భాగానికి మరీ తక్కువ. నొప్పి వచ్చేది సరిగ్గా అక్కడే.

ఇక బూట్ల సంగతి.

వట్టి కాళ్ల పరుగు గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే పేరు అబెబె బికిలా. 1960 సెప్టెంబర్ 10, రోమ్ ఒలింపిక్స్ మారథాన్. ఇథియోపియా చక్రవర్తి అంగరక్షక దళంలో సైనికుడు. జట్టులోకి చివరి నిమిషంలో వచ్చాడు. ఇచ్చిన బూట్లు కాలికి కుదరలేదు, వట్టి కాళ్లతో పరిగెత్తడం ఎలాగూ అలవాటే, విప్పేశాడు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు, అప్పటికి ప్రపంచంలో అదే అత్యుత్తమ సమయం. చీకటి పడ్డాక కాగడాల వెలుగులో, కాన్‌స్టంటైన్ విజయ తోరణం దగ్గర పరుగు ముగిసింది. అతను మిగిలిన ప్రత్యర్థిని విడిచి ముందుకు దూకింది ఆక్సుమ్ శిలాస్తంభం దగ్గర. ముసోలినీ సైన్యం ఇథియోపియాను ఆక్రమించినప్పుడు ఎత్తుకొచ్చి రోమ్‌లో నిలబెట్టిన స్తంభం అది. ఇన్ని సంకేతాలు ఒక్క రాత్రిలో కుదిరితే కథ చెప్పేవాళ్లు ఊరుకుంటారా! ఊరుకోలేదు. ఆ పాదాలు ఒక పురాణం అయిపోయాయి.

పురాణంలో ఒక పుట మాత్రం తరచు జారిపోతుంది. నాలుగేళ్ల తర్వాత 1964 టోక్యోలో, అపెండిక్స్ ఆపరేషన్ అయిన సుమారు ఆరు వారాలకే, అదే బికిలా మళ్లీ గెలిచాడు. ఈసారి 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లు. మూడు నిమిషాలు ముందే, పూమా బూట్లు వేసుకుని.

రోమ్‌కీ ఈనాటి మన బూట్ల షాపుకీ మధ్య ఉన్న ముఖ్యమైన మనిషి బిల్ బౌవర్‌మన్, ఒరెగాన్ యూనివర్సిటీ కోచ్, నైకీ వ్యవస్థాపకుల్లో ఒకడు. 1962లో న్యూజిలాండ్ వెళ్లి, అక్కడ ఆర్థర్ లిడియార్డ్ ప్రభావంతో మామూలు జనం – నడివయసు వాళ్లు, గుండె జబ్బు వాళ్లు – నెమ్మదిగా పరిగెడుతుండటం చూసి ఆశ్చర్యపోయాడు. తిరిగొచ్చి ఒక గుండె డాక్టరుతో కలిసి 1967లో జాగింగ్ మీద పుస్తకం రాశాడు, అది లక్షల్లో అమ్ముడుపోయింది. అప్పటిదాకా పరుగు అంటే కుర్రాళ్ల పోటీ. ఇప్పుడు ఆఫీసు కుర్చీల్లోంచి లేచిన జనం రోడ్ల మీదికి వచ్చారు. వాళ్ల కోసం బూటు మారింది.

అంతకుముందు పరుగు బూటంటే చాలావరకు పలచటి రబ్బరు మీద కుట్టిన గుడ్డ లేదా తోలు. బౌవర్‌మన్ రూపకల్పన చేసిన కోర్టెజ్‌లో – 1972లో నైకీ పేరుతో వచ్చింది – పాదం పొడవునా మెత్తటి నురుగు, మడమ కింద ఇంకొంచెం ఎత్తు. ఆ ఎత్తు వెనక ఒక కారణం మన కథానాయకుడే. మడమ పైకి లేస్తే పిక్క కండరం కొంచెం వదులవుతుంది, అకిలీస్ మీద లాగుడు తగ్గుతుంది. పొద్దస్తమానం మడమ ఎత్తు తోలు బూట్లలో తిరిగి, సాయంత్రం పూట పరిగెత్తే మనిషికి ఇది సబబైన సాయమే అనిపిస్తుంది నాకు. తర్వాత తర్వాత కంపెనీలన్నీ ఆ దారే పట్టాయి. మడమకీ మునివేళ్లకీ మధ్య ఎత్తు తేడా 10, 12 మిల్లీమీటర్లకు స్థిరపడింది. పది మిల్లీమీటర్లంటే మన చిటికెన వేలు మందం కూడా ఉండదు. కానీ అడుగుకి అంత చొప్పున, కిలోమీటరుకి సుమారు వెయ్యి అడుగులు, దశాబ్దాలు. టెండన్ ఆ పొడవుకే అలవాటు పడిపోతుంది.

2004లో డెన్నిస్ బ్రాంబుల్, డేనియల్ లీబర్‌మన్ ఇద్దరూ నేచర్‌లో ఒక వ్యాసం రాశారు. దూరం పరిగెత్తడం మనిషి పరిణామంలోనే ఉందని, మన ఒళ్లు దానికి తగ్గట్టు మలుచుకుందని వాళ్ల వాదం. వాళ్లు చూపించిన సాక్ష్యాల్లో అకిలీస్ టెండన్ ఒకటి. చింపాంజీకి, గొరిల్లాకి ఇంత పొడుగు టెండన్ లేదు. నడకకి స్ప్రింగు పెద్దగా అక్కర్లేదు, పరుగుకి కావాలి. హోమర్ విశేషణం మనిషి జాతి మొత్తానికీ చెల్లుతుందన్నమాట.

అక్కడినుంచి బూట్ల మీద అనుమానం పుట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. లక్షల ఏళ్లు వట్టి కాళ్లతో పరిగెత్తిన జీవికి నలభై ఏళ్ల కిందట కనిపెట్టిన నురుగు ఎందుకు? 2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ పుస్తకం 'బార్న్ టు రన్' వచ్చింది. తన పాదం నొప్పికి కారణం వెతుక్కుంటూ బయల్దేరిన విలేకరి, మెక్సికో కాపర్ కాన్యన్ లోయల్లో తారాహుమారా తెగ పరుగువీరుల దాకా వెళ్లిన కథ. నేను ఇంజనీరింగ్ అయ్యాక మొదటి ఉద్యోగంలో, బెంచ్ మీద ఉన్న రోజుల్లో రెండు రాత్రుల్లో చదివేశాను. ఈమధ్య మళ్లీ చదివితే విమర్శకుడిగా ఒక మాట అనాలనిపించింది. అది సైన్సు పుస్తకంలా చెలామణీ అయింది కానీ దాని ఒళ్లంతా జానపద కథ. అడవిలో మునిలాంటి తెల్లవాడు, రహస్యం తెలిసిన తెగ, చివర్లో పెద్ద పందెం. జానపద కథలో తప్పేం లేదు. దాన్ని చూసి బూట్లు కొనడం దగ్గరే వ్యవహారం మారుతుంది.

ఇంకో సంగతి. ఆ పుస్తకం వట్టి కాళ్ల ఉద్యమానికి గ్రంథం అయింది కానీ, అందులోని తారాహుమారాలు పరిగెత్తేది వట్టి కాళ్లతో కాదు. పాత టైర్లు కోసి, తోలు పట్టీ కట్టుకున్న చెప్పులతో. వాళ్ల భాషలో ఏమన్నా, మన సంతల్లో అమ్మే టైరు చెప్పులకు అవి దగ్గరి చుట్టాలు.

2010 జనవరిలో లీబర్‌మన్ మళ్లీ నేచర్‌లో. ఈసారి కెన్యా రిఫ్ట్ వ్యాలీ పరుగువాళ్లనీ, అమెరికన్లనీ పోల్చి చూశాడు. వట్టి కాళ్లకు అలవాటుపడ్డవాళ్లు ఎక్కువగా పాదం ముందుభాగం మీద దిగుతారు, బూట్లవాళ్లు మడమ మీద. ముందుభాగం మీద దిగితే నేల తాకిన క్షణంలో ఎముకల్ని అదిరించే ఆ మొదటి కుదుపు దాదాపు ఉండదు. వ్యాసం చెప్పింది అంతే. గాయాలు తగ్గుతాయని చెప్పలేదు. పత్రికలు చదివింది మాత్రం అలాగే.

కుదుపు ఏమైనట్టు? మాయం కాదు కదా. ముందుభాగం మీద దిగినప్పుడు మడమ నెమ్మదిగా నేలకు దిగాలి. దాన్ని పట్టి దించేది పిక్క, అకిలీస్. మోకాలికి పడే భారం కొంత తగ్గి ఇక్కడికి బదిలీ అవుతుంది. మా ఆఫీసు భాషలో లోడ్ బ్యాలెన్సింగ్ అంటాం. ఒక సర్వర్ మీద ట్రాఫిక్ తగ్గించామంటే ఇంకో సర్వర్ మీద పెంచామనే. ఆ రెండోది అంత ట్రాఫిక్ ఎప్పుడూ చూడనిదైతే అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది.

ఐదు వేళ్ల చేతి తొడుగులాంటి ఆ బూటు, వైబ్రమ్ ఫైవ్‌ఫింగర్స్, 2006 నుంచి మార్కెట్లో ఉంది. మొదట పడవల వాళ్ల కోసం, సరదాగా. ఇప్పుడు రన్నర్ల కాళ్లకెక్కింది. వైబ్రమ్ పుట్టుక ఇక్కడ గమ్మత్తుగా ఉంటుంది. విటాలే బ్రమానీ అనే ఇటాలియన్ పర్వతారోహకుడు 1935లో ఆల్ప్స్‌లో ఆరుగురు మిత్రుల్ని పోగొట్టుకున్నాడు, చలికి, మంచుకి పనికిరాని బూట్లు అందుకు ఒక కారణం. ఆ దుఃఖంలోంచి పుట్టింది దళసరి రబ్బరు అట్ట, 1937లో. కాలి కింద రబ్బరు లేక మనుషులు చనిపోయారని మొదలైన కంపెనీ, డెబ్బై ఏళ్లకు కాలి కింద ఏమీ లేనట్టుండే రబ్బరు అమ్మి మరింత పేరు తెచ్చుకుంది.

తర్వాత లెక్కలు రావడం మొదలైంది. 2013లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 36 మంది అనుభవమున్న రన్నర్లని తీసుకుని, సగం మందిని పది వారాల్లో మెల్లగా ఫైవ్‌ఫింగర్స్‌కి మార్చారు. ముందూ వెనకా స్కాన్లు తీశారు. మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు ఎక్కువైంది, మామూలు బూట్లలో ఉన్న 17 మందిలో ఒక్కరికి. మరుసటి సంవత్సరం ఇంకో బృందం 103 మందిని 12 వారాలు పరిశీలిస్తే, పూర్తి పలచటి బూట్లవాళ్లకి పిక్క, కాలిముందు ఎముక నొప్పులు ఎక్కువ కనిపించాయి. అదే 2013లో ఉత్తర కెన్యాలో దసనచ్ తెగవాళ్లని గమనిస్తే, పుట్టినప్పటినుంచీ వట్టి కాళ్లే అయినా, తీరికగా దూరం పరిగెత్తే వేగంలో 72 శాతం దాకా మడమ మీదే దిగారు. సహజమైన పరుగు అంటే ఇదీ అని వేలు పెట్టి చూపించడం అంత తేలిక కాదని తేలింది.

2012లో అమెరికాలో ఒక వినియోగదారు, పాదాల్ని బలపరుస్తుందనీ గాయాలు తగ్గిస్తుందనీ రుజువు లేకుండా ప్రచారం చేశారని వైబ్రమ్ మీద దావా వేసింది. 2014లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 37 లక్షల 50 వేల డాలర్లకు రాజీపడింది. లోలకం అప్పటికే అటువైపు ఊగిపోయింది. 2009లోనే ఫ్రాన్స్‌లో పుట్టిన హోకా, దిండులాంటి అట్టలతో వచ్చి అందరి కాళ్లకూ చేరింది. 2019 అక్టోబర్ 12న వియన్నాలో ఎలియుడ్ కిప్చోగే 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం ముగించినప్పుడు అతని కాళ్లకున్నవి దళసరి నురుగు, లోపల కార్బన్ పలకలు ఉన్న బూట్లు. కిప్చోగే కలెంజిన్. లీబర్‌మన్ 2010లో వట్టి కాళ్ల పాఠం నేర్చుకుంది ఆ కలెంజిన్ల దగ్గరే.

ఈ పదిహేనేళ్ల వాదంలో రెండు పక్షాలూ రెండు రకాల కాలాన్ని వాడుకున్నాయి. ఒకళ్లు ఇరవై లక్షల ఏళ్లు అన్నారు. ఇంకొకళ్లు పది వారాలు, పన్నెండు వారాలు అన్నారు. ఈ రెంటికీ మధ్య ఉన్న కాలం, అంటే ఒక మనిషి బాల్యం, లెక్కలోకి పెద్దగా రాలేదు. నాకు ఈ వ్యాసం రాయాలనిపించిందే అందుకు.

2013లో డెన్మార్క్ పరిశోధకులు చేసిన పని ఒకటుంది. 1950లు, 60ల్లో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారిగా పెరిగి, 1963 తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆ గాలిలో పెరిగిన మొక్కల్లోకి, తిండి ద్వారా మన ఒంట్లోకి అది చేరింది. శరీరంలో ఒక భాగం ఏ ఏడు తయారైందో ఆ కార్బన్ పాళ్లను బట్టి చెప్పొచ్చు. కేత్యా హైనెమీయర్ బృందం అకిలీస్ టెండన్ల నడిమి భాగాన్ని అలా కొలిచింది. తేలిందేమిటంటే, ఆ భాగం జీవితంలో మొదటి 17 ఏళ్లలో తయారై, ఆ తర్వాత దాదాపు మారదు. కండరం ఎప్పటికప్పుడు కొత్తదవుతూ ఉంటుంది. చర్మం సరే సరి. ఈ తాడు నడిమి పోగులు మాత్రం ఇంటర్మీడియట్ నాటివే.

దీన్నుంచి లేనిపోని తీర్మానాలు చేయకూడదు. నడిమి పోగులు మారకపోయినా, వ్యాయామంతో టెండన్ గట్టిపడుతుంది, నెలల తరబడి పట్టినా సరే. లీబర్‌మన్ చూసిన వాళ్లలో కూడా బూట్లలో పెరిగి, పెద్దయ్యాక వట్టి కాళ్లకు మారిన అమెరికన్లు ఉన్నారు, వాళ్లు బాగానే పరిగెత్తారు. కానీ బికిలా పాదాల్ని మెచ్చుకునేటప్పుడు మనం మెచ్చుకుంటున్నది ఆ రాత్రి అతను తీసుకున్న నిర్ణయాన్ని కాదు, ఇథియోపియా పల్లెలో అతని మొదటి పదిహేడేళ్లని. వాటిని ఏ కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మలేదు.

నా మొదటి పదిహేడేళ్లు నల్ల బూట్లవి. సోమవారం నుంచి శుక్రవారం నలుపు, శనివారం తెలుపు, ముక్కుపొడి రంగు సాక్సులు. మా బాపువి వట్టి కాళ్లవి. నల్గొండ దగ్గర ఊర్నించి బడికి రానూపోనూ రోజుకి ఎనిమిది కిలోమీటర్లు. డిగ్రీలో చేరినంక మొదటి చెప్పులు. నేను కొన్న పలచటి బూట్లు చేతిలోకి తీసుకుని, అట్టని రెండు వేళ్లతో మడిచి చూసి, రేటు అడిగాడు. చెప్పాను. "చెప్పుల్లేక మా కాళ్లు కాలినయి. నువ్వేమో గిన్ని పైసలు పెట్టి చెప్పుల్లేనట్టు ఉరుకుతున్నవా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం లీబర్‌మన్ కంటే పెద్ద ప్రశ్నే అనిపించింది.

ఎందుకంటే మన దగ్గర వట్టి కాళ్లు అంత అమాయకమైన విషయం కాదు. తెలంగాణ పల్లెల్లో గడీ ముందు నడవాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. ఊళ్లోకి వస్తే దళితుల కాళ్లకు చెప్పులు ఉండకూడదు. ఇది పరిణామ సిద్ధాంతం కాదు, దొర పెట్టిన రూలు. దొర కాళ్లకు చెప్పులు కుట్టిచ్చింది ఎవరు? మాదిగలు, అదీ వెట్టి కింద, పైసా లేకుండా. తోలు ఊనిన చేతులు, కుట్టిన చేతులు వాళ్లవి, ఎండలో కాలిన కాళ్లూ వాళ్లవే. కిర్రుకిర్రుమనే కొత్త చెప్పులేసుకుని ఊరి నడిబొడ్డున నడవడం ఒకప్పుడు ఒక తరం చేసిన తిరుగుబాటు. అలాంటి చోట నిలబడి, వట్టి కాళ్లే సహజం, చెప్పు కృత్రిమం అంటే, ఆ వాక్యం ఎవరికి వినపడుతోందో చూసుకోవాలి.

ఫుట్‌బాల్‌లోనూ ఇలాంటి కథే ఉంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టులో చాలామంది వట్టి కాళ్లతో ఆడి ఫ్రాన్స్‌కి చెమటలు పట్టించారు, 2-1తో ఓడారు. చూసినవాళ్లు ముచ్చటపడ్డారు. నాలుగేళ్లకు హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10-1. ఆ తర్వాత బూట్లు తప్పనిసరయ్యాయి. ఆ జట్టుని మళ్లీ కట్టినవాడు మన హైదరాబాదీ, బడి పంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్‌లో బూట్లేసుకున్న అతని జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వట్టి కాళ్లని చూసి ముచ్చటపడటం తేలిక, ఆ కాళ్లున్నవాడు ఏం కోరుకున్నాడో అడగడమే తక్కువ. బికిలా టోక్యోలో ఇచ్చిన జవాబు కూడా అదే అనుకుంటాను.

ఇంతకీ నొప్పికి మందు. పలచటి బూట్లవాళ్లకే కాదు, అందరికీ ఇవాళ ఫిజియోథెరపిస్టులు చెప్పే వ్యాయామం చరిత్ర కూడా ఒక నొప్పి నుంచే మొదలైంది. స్వీడన్‌లోని ఉమెయోలో హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఆర్థోపెడిక్ సర్జన్, స్వయంగా రన్నర్. 1990లలో అతనికే అకిలీస్ నొప్పి పట్టుకుంది. ఆపరేషన్ చేయమని పై అధికారిని అడిగితే, నువ్వు సెలవు మీద పోతే పని ఎవరు చేస్తారు, కుదరదు అన్నాడట. సరే, టెండన్ తెగిపోతే అప్పుడు చచ్చినట్టు ఆపరేషన్ చేయాలి కదా అని, కావాలని దాని మీద బరువు వేయడం మొదలుపెట్టాడు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమని కిందికి దించడం, నొప్పి పుట్టినా ఆపకుండా. తెగలేదు. కొన్ని వారాలకు నొప్పే పోయింది. ఆయన తర్వాత చాలాసార్లు చెప్పుకున్న కథ ఇది. వెర్‌హేయెన్ కథలా కాకుండా దీన్ని నేను నమ్ముతాను, సెలవు దొరకని ఉద్యోగి మొండితనం నాకు బాగా తెలిసిందే కాబట్టి.

1998లో 15 మంది రన్నర్లతో చేసిన ప్రయోగాన్ని అచ్చువేశాడు. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు దఫాలు, కొంచెం వంచి మళ్లీ మూడు, రోజుకి రెండుసార్లు. మొత్తం 180. పన్నెండు వారాలు. ఆ 15 మందీ తిరిగి పరుగులోకి వచ్చారు. అప్పటిదాకా ఈ నొప్పిని వాపు అనుకుని విశ్రాంతి, ఐసు, మాత్రలు ఇచ్చేవాళ్లు. కోసి చూస్తే వాపు కణాలు పెద్దగా లేవు. క్రమం తప్పి చిక్కుపడ్డ పోగులున్నాయి. పేరు చివర 'ఐటిస్' తీసేసి 'ఓపతీ' అనడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. విశ్రాంతి ఇస్తే చిక్కు విడదు, మెల్లగా బరువు వేస్తేనే పోగులు ఆ వరసకి అలవాటు పడతాయి.

నాకు ఇప్పుడు తొమ్మిదో వారం. మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద, పొద్దున్న స్టాండప్ కాల్‌కి ముందు తొంభై, రాత్రి తొంభై. వీపున పాత ల్యాప్‌టాప్ బ్యాగ్, అందులో ఐదు కిలోల బియ్యం. పలచటి బూట్లు పారేయలేదు, వారంలో ఒకరోజు గడ్డి మీద రెండు కిలోమీటర్లు. మిగతా రోజులు ఎనిమిది మిల్లీమీటర్ల మడమ ఉన్న మామూలు జత. మూడో అంతస్తు ఆంటీ రోజూ పాల ప్యాకెట్‌తో పక్కనుంచి ఎక్కుతూ, ఏం బాబూ, ఇంకా పైకి రావట్లేదా అని అడుగుతుంది.